ఘాట్ దిగే సైకిలు, మలుపు లెక్క

అరకు నుంచి శృంగవరపుకోట వైపు దిగే ఘాట్‌లో గాలికొండ దాటాక సైకిలు తొక్కే పని పెద్దగా ఉండదు. కొండే తోస్తుంది. ఎక్కేటప్పుడు గంటల తరబడి చెమటోడ్చిన దారి, దిగేటప్పుడు చుట్ట విప్పినట్టు కళ్లముందు జారిపోతుంది. చెవుల నిండా గాలి హోరు. అనంతగిరి కాఫీ తోటల దగ్గర చెట్ల నీడ రోడ్డు మీద మచ్చలు మచ్చలుగా పడుతుంటుంది. ఆ అరగంట ఆనందం కోసమే మాలాంటివాళ్లం కొండ ఎక్కుతాం. ఎముకలు విరిగేది కూడా అక్కడే. ఎక్కుడులో పడ్డవాడు మోకాలు దులుపుకుని తనే లేస్తాడు. దిగుడులో, అందులోనూ మలుపులో పడ్డవాణ్ని ఇంకొకరు లేపాలి.

ఇప్పుడు హైదరాబాద్‌లో, విశాఖలో, బెంగళూరులో ఆదివారం తెల్లవారకముందే గేరు సైకిళ్లతో బయల్దేరే తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు. హైదరాబాద్ వాళ్లకు వికారాబాద్ దగ్గరి అనంతగిరి, బెంగళూరు వాళ్లకు నంది కొండ, విశాఖ వాళ్లకు అరకు. ఎంతసేపట్లో ఎక్కాం, గుండె ఎంత కొట్టుకుంది, ఏ గేరులో ఉన్నాం అని గంటలకొద్దీ చెప్పుకుంటారు. దిగడం దగ్గరికి వచ్చేసరికి “జాగ్రత్తగా దిగు” అన్న ఒక్క ముక్కతో సరి. ఆ జాగ్రత్త అనే మాటలో ఏముందో విప్పి చెప్పేవాళ్లు తక్కువ. ఈ ప్రశ్న మీద నూటయాభై ఏళ్లుగా శాస్త్రవేత్తలు, ఇంజనీర్లు, రేసర్లు చెబుతూనే ఉన్నారు. వాళ్లు ఎక్కడ ఏకీభవించారు, ఎక్కడ విభేదించారు, వాళ్లు చెప్పినదాంట్లో మన రోడ్లకు పనికొచ్చేదెంత, పనికిరానిదెంత అని తేల్చుకోవాలనే ఈ వ్యాసం రాస్తున్నాను.

ముందుగా ఎవరికీ తగాదా లేని సంగతి. మలుపు తిరగాలంటే సైకిలు లోపలి వైపు ఒరగాలి. ఎంత ఒరగాలన్నది రెండింటి మీదే ఆధారపడుతుంది: వేగం, మలుపు ఎంత బిగువుగా ఉందన్నది. మనిషి బరువుతో దానికి సంబంధం లేదు. వంద కిలోల మనిషీ యాభై కిలోల అమ్మాయీ ఒకే వేగంతో ఒకే మలుపు తిరిగితే ఇద్దరూ ఒకే కోణంలో ఒరుగుతారు. కానీ వేగం మాత్రం ఈ లెక్కలో వర్గమై కూర్చుంటుంది. అంటే వేగం రెట్టింపైతే పక్కకు తోసే బలం నాలుగు రెట్లవుతుంది.

దీన్ని మన రోడ్డు మీదే చూద్దాం. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ కొండ రోడ్లకు పెట్టిన ప్రమాణాల ప్రకారం హెయిర్‌పిన్ మలుపు లోపలి వంపు వ్యాసార్ధం కనీసం 14 మీటర్లు ఉండాలి. ఆ మలుపును గంటకు 20 కిలోమీటర్ల వేగానికి సరిపోయేలా కడతారు. ఆ లోపలి వంపు వెంట 20 వేగంతో తిరిగితే సైకిలు నిలువు నుంచి 13 డిగ్రీలు ఒరగాలి. 30లో తిరిగితే 27 డిగ్రీలు. 40లో తిరిగితే 42 డిగ్రీలు. ఇక తారు రోడ్డు ఎండి, ఊడ్చినంత శుభ్రంగా ఉన్నప్పుడు మంచి టైరు పట్టు సుమారుగా 40 డిగ్రీల దగ్గర అయిపోతుంది. ఈ విషయంలో చాలా అనుభవం ఉన్న కాలిఫోర్నియా ఇంజనీరు జోబ్‌స్ట్ బ్రాంట్ 45 దాకా పోవచ్చన్నాడు. ఏ అంకె తీసుకున్నా, దాదాపు 20కీ 40కీ మధ్యనే మొత్తం కథ ఉంది. హాయిగా తిరిగే వేగానికీ జారిపడే వేగానికీ మధ్య గంటకు ఇరవై కిలోమీటర్లే తేడా. ఘాట్ దిగుతుంటే ఆ ఇరవై కిలోమీటర్లు పెరగడానికి కొన్ని సెకన్లు చాలు.

రోడ్డు మలుపు దగ్గర లోపలికి వాల్చి కడతారు కదా, అది ఆదుకోదా అని అడగవచ్చు. ఆదుకుంటుంది, కొద్దిగా. మంచు కురవని కొండ రోడ్లలో ఆ వాలు గరిష్ఠంగా పది శాతం. కోణంలో చెప్పాలంటే ఆరు డిగ్రీల లోపే. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఉన్న వెలోడ్రోమ్ లాంటి చోట మలుపులు గోడలా లేచి ఉంటాయి కాబట్టి అక్కడ బ్రేకుల్లేని సైకిలుతో కూడా దూసుకుపోతారు. ఘాట్ రోడ్డు ఆ పని చేసిపెట్టదు.

ఇక సైకిలు ఎలా ఒరుగుతుంది? ఈ ప్రశ్నకు జవాబు వినగానే చాలామంది నమ్మరు. కుడికి తిరగాలంటే ముందు ఒక్క లిప్తపాటు హ్యాండిల్‌ను ఎడమకు తిప్పాలి. చక్రం కింద నుంచి ఎడమకు జరిగిపోతే పైనున్న మనిషి కుడికి ఒరుగుతాడు. ఆ తర్వాతే హ్యాండిల్ కుడికి తిరుగుతుంది. గ్లాస్గోలో పనిచేసిన ఇంజనీరు రాంకిన్ 1869లోనే ఇది రాశాడు. విమానం కనిపెట్టకముందు డేటన్‌లో సైకిలు షాపు నడిపిన రైట్ సోదరుల్లో విల్బర్ చాలామందిని అడిగి చూశాడట: ఎడమకు ఎలా తిరుగుతారు అని. హ్యాండిల్ ఎడమకు తిప్పుతామని దాదాపు అందరూ చెప్పినవాళ్లే. ముందు కుడికి తిప్పుతున్నామని వాళ్లకే తెలియదు. చేతులకు తెలిసిన విద్య నోటికి తెలియదు. 2000లో అమెరికా భౌతికశాస్త్రవేత్త జోయెల్ ఫజాన్స్ దీన్ని సమీకరణాలతో సహా మళ్లీ వివరించాడు. 2011లో కొందరు పరిశోధకులు, చక్రాల బొంగరపు గుణం సున్నా చేసిన సైకిలు కూడా తనంతట తాను నిలబడి పోగలదని ‘సైన్స్’ పత్రికలో చూపించారు. బొంగరంలా తిరిగే చక్రాల వల్లే సైకిలు నిలబడుతుందని మనం బళ్లో విన్నమాట అంత నిజం కాదని దాంతో తేలిపోయింది.

ఇదంతా నాకెందుకు, సైకిలు తొక్కడం చిన్నప్పుడే వచ్చింది కదా అనిపించవచ్చు. కానీ దీని ఉపయోగం ఆపదలో తెలుస్తుంది. 35 వేగంతో కుడి మలుపులో ఉన్నారు. మలుపు అనుకున్నదానికన్నా బిగుసుకుంటోంది. బయటి అంచు దగ్గరకు వస్తోంది. అప్పుడు భయపడ్డ మనిషి ఏం చేస్తాడు? హ్యాండిల్‌ను బలవంతాన కుడికి లాగుతాడు. దాంతో సైకిలు నిటారుగా లేచి తిన్నగా లోయ వైపు పోతుంది. చేయాల్సింది, కుడి చేత్తో కుడి హ్యాండిల్‌ను మెల్లగా ముందుకు నొక్కడం. సైకిలు ఇంకాస్త ఒరిగి, ఇంకాస్త బిగువుగా తిరుగుతుంది. ఖాళీ మైదానంలో 20 వేగంతో పోతూ అరచేతిని తెరిచి, వేళ్లతో పట్టుకోకుండా కుడి వైపు హ్యాండిల్‌ను కొంచెం ముందుకు తోసి చూడండి. సైకిలు కుడికే తిరుగుతుంది. మొదటిసారి చేసినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. ముప్పై ఏళ్లు తొక్కిన బండి నాకు తెలియకుండా ఏం చేస్తోందో ఆ రోజే తెలిసింది.

టైరు దగ్గరికి వద్దాం. మనిషి, సైకిలు కలిపి 80 కిలోలనుకుంటే ఒక్కో చక్రం మీద నలభై. టైరులో 80 పీఎస్‌ఐ గాలి ఉంటే రోడ్డుకు తగిలే చోటు ఏడు చదరపు సెంటీమీటర్లు. అంటే పది రూపాయల నాణెం కన్నా కాస్త పెద్దది. ఘాట్ మొత్తం మన ప్రాణం ఆ రెండు నాణేల మీద ఉంటుంది. ఆ నాణెం కిందకి వడ్ల గింజ వస్తే ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

టైరు మీద గాడులు ఉంటే పట్టు ఎక్కువని మన దగ్గర గట్టి నమ్మకం. లారీ టైరు చూసి, కారు టైరు చూసి వచ్చిన నమ్మకం అది. మట్టిలో నిజమే. గడ్డలు మట్టిలోకి దిగి పట్టుకుంటాయి. తారు రోడ్డు మీద మాత్రం లెక్క తిరగబడుతుంది. నున్నని రబ్బరు తారులోని గరుకులోకి కూరుకుపోయి పట్టుకుంటుంది. గడ్డల టైరు ఒరిగినప్పుడు ఆ గడ్డలు వంగి, కదిలి జారతాయి. జోబ్‌స్ట్ బ్రాంట్ 1980ల్లో అవోసెట్ కంపెనీకి నున్నటి టైర్లు తయారుచేయించడంలో ముందున్నాడు. వాటిని జనం చూసి భయపడ్డారు. ఇప్పుడు రేసు సైకిళ్ల టైర్లన్నీ దాదాపు నున్ననివే. వాన నీళ్ల మీద టైరు తేలిపోతుందన్న భయం కూడా సైకిలు విషయంలో అక్కర్లేదు. విమానాల టైర్ల మీద నాసా పరిశోధకులు కట్టిన సూత్రం ప్రకారం 80 పీఎస్‌ఐ టైరు నీటి మీద తేలాలంటే గంటకు 150 కిలోమీటర్ల దగ్గరి వేగం కావాలి. వానలో సైకిలు జారడానికి కారణాలు వేరే. తెల్లగీతల రంగు, డ్రైనేజీ మూతల ఇనుము, రైలు పట్టాలు, తొలకరి జల్లుకు దుమ్ముతో కలిసి పైకి తేలిన ఆయిలు. ఇవి తడిస్తే సబ్బు పూసినట్టే. వాటి మీద సైకిలును ఒరగనివ్వకూడదు, నిటారుగా దాటాలి.

గాలి విషయంలో కూడా పాత అలవాటు మార్చుకోవాలి. రాయిలా గట్టిగా కొట్టిన టైరు గతుకుల మీద ఎగురుతుంది. ఎగిరినంతసేపు పట్టు ఉండదు. కాస్త వెడల్పు టైరు, కాస్త తక్కువ గాలి మలుపుకు మేలు. దీన్ని రేసింగ్ ప్రపంచం కూడా ఇటీవలి ఏళ్లలో ఒప్పుకుని 23 మిల్లీమీటర్ల నుంచి 28కి, ఆపైకి వచ్చింది. మన ఘాట్ల గతుకులకు 32 అయినా ఎక్కువేం కాదు.

ఇక అసలు తగాదా బ్రేకు మీద. “మలుపులో బ్రేకు వేయకు” అని నేర్పేవాళ్లు ఒక వర్గం. “మలుపులో కూడా వేయవచ్చు, ఎంత వేయాలో తెలియాలి” అనేవాళ్లు ఇంకో వర్గం. రెండో వర్గం చెప్పేదే భౌతికశాస్త్రానికి దగ్గర. టైరు దగ్గర ఉన్న పట్టు ఒక్కటే. దాన్ని తిరగడానికీ ఆగడానికీ పంచుకోవాలి. మొత్తం పట్టు బరువులో 0.8 వంతు ఉంటే, 27 డిగ్రీలు ఒరిగినప్పుడు దాంట్లో 0.5 తిరగడానికి పోతుంది. అయినా బ్రేకుకు 0.6 దాకా మిగులుతుంది, ఎందుకంటే ఈ రెండూ లంబకోణంలో కలుస్తాయి. అదే 37 డిగ్రీలు ఒరిగితే బ్రేకుకు దాదాపు 0.3 మాత్రమే మిగులుతుంది. 39 దగ్గర సున్నా. అంటే మామూలుగా దిగేవాడికి మలుపులో కూడా మెత్తగా బ్రేకు పట్టే వీలుంది. చంపేది బ్రేకు కాదు, ఉలిక్కిపడి ఒక్కసారిగా పిండడం. అయినా కొత్తవాళ్లకు నేను మొదటి వర్గం మాటే చెబుతాను. మలుపుకు ముందే, సైకిలు నిటారుగా ఉండగానే వేగం తగ్గించేయండి. మలుపులోకి వచ్చాక ఆ పట్టు మొత్తం తిరగడానికి మిగలనివ్వండి. రోడ్డు మీద ఇసుక ఉందో లేదో తెలియని చోట 0.8 అన్న అంకెనే నమ్మలేం.

ముందు బ్రేకంటే మన దగ్గర అకారణమైన భయం ఉంది. “ముందు బ్రేకు వేస్తే తలకిందులవుతావు” అని అద్దె సైకిలు షాపు ముందు చిన్నప్పుడే చెప్పారు. వెనక బ్రేకు ఒక్కటే నమ్ముకున్నవాడి వెనక చక్రం దిగుడులో ముందుగా లాకైపోతుంది. లాకైన చక్రానికి పక్కపట్టు ఉండదు, అది పక్కకు ఈడ్చుకుపోతుంది. తిన్నగా పోతున్నప్పుడు ఆపే బలంలో ఎక్కువ భాగం ముందు చక్రానిదే. శరీరాన్ని వెనక్కి జరిపి, చేతులు బిగించి, ముందు బ్రేకును క్రమంగా పిండడం నేర్చుకోవాలి. రాడ్ బ్రేకులు, స్టీలు రిమ్ములున్న పాత నల్ల సైకిలు సంగతి వేరు. తడిసిన స్టీలు రిమ్ము మీద బ్రేకు రబ్బరు పట్టే పట్టు చాలా తక్కువ. వానలో ఆ సైకిలుతో ఘాట్ దిగడం కన్నా దిగి నడిపించుకుపోవడమే మంచిది. ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు.

ఎక్కువసేపు బ్రేకు పట్టుకునే ఉంటే రిమ్ము వేడెక్కుతుంది, ట్యూబు పగిలే ప్రమాదం ఉంది. గట్టిగా పట్టి వదలడం, మళ్లీ పట్టి వదలడం మేలు. వేడి ఏం చేయగలదో 2003 జూలై 14న టూర్ డి ఫ్రాన్స్ చూపించింది. గాప్ పట్టణంలోకి దిగుతున్న దారి. ఎండకు తారు కరిగి మెత్తబడింది. పందెంలో రెండో స్థానంలో ఉన్న స్పెయిన్ రేసర్ హోసెబా బెలోకి మలుపు ముందు బ్రేకు పట్టగానే వెనక చక్రం లాకైంది. రిమ్ముకు జిగురుతో అతికించిన టైరు ఊడి వచ్చింది. తొడ ఎముక, మోచేయి, మణికట్టు విరిగాయి. అతని వెనకే వస్తున్న లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ పక్కనున్న పొలంలోకి దూసుకుపోయి, దాన్ని అడ్డంగా దాటి కింద మలుపు దగ్గర మళ్లీ రోడ్డెక్కాడు. డోపింగ్ కేసులో తర్వాత అతని టూర్ టైటిళ్లన్నీ పోయాయి కానీ ఆ మలుపు దృశ్యం మాత్రం అందరికీ గుర్తుంది. రాయలసీమ మే నెల ఎండలో మధ్యాహ్నం పూట నల్లగా మెరుస్తూ చెప్పులకు అంటుకునే తారును చూసినవాళ్లకు ఆ ప్రమాదం కొత్తది కాదు. అలాంటి మెరుపు కనిపిస్తే మలుపుకు చాలా ముందే వేగం తగ్గించుకోవాలి.

పెద్ద రేసర్లకు కూడా మలుపు లొంగదన్నది చరిత్ర చెబుతున్న మాటే. 1992 బార్సిలోనా ఒలింపిక్ విజేత ఫాబియో కాసర్తెల్లి 1995 జూలై 18న టూర్‌లో పోర్తె దాస్పె కనుమ దిగుడులో పడి చనిపోయాడు. తలకు హెల్మెట్ లేదు. హెల్మెట్‌ను రోడ్డు రేసుల్లో తప్పనిసరి చేయడానికి ఇంకా ఎనిమిదేళ్లు, ఇంకో మరణం పట్టాయి. 2016 రియో ఒలింపిక్స్‌లో విస్తా షినేజా దిగుడులో మొదటి రోజు విన్‌చెంజో నిబలి, మరుసటి రోజు మహిళల పందెంలో ముందంజలో ఉన్న అనెమీక్ వాన్ ఫ్లూటెన్ పడ్డారు. ఆమె వెన్నుపూసలు చిట్లాయి. ఐదేళ్ల తర్వాత టోక్యోలో టైమ్ ట్రయల్ స్వర్ణం గెలిచిందన్నది మనసుకు ఊరట. రేసర్లు పడినప్పుడు ముందే రోడ్డు మూసేసి ఉంటుంది, వెనక అంబులెన్సు ఉంటుంది, ఎదురుగా బస్సు రాదు. మనకు ఆ మూడూ లేవు.

చూపు గురించి పుస్తకాలన్నీ ఒకే మాట చెబుతాయి: ఎటు వెళ్లాలో అటు చూడు. దాని వెనక శాస్త్రంలో కొంత వాదం ఉంది. 1994లో మైకేల్ ల్యాండ్, డేవిడ్ లీ కారు నడిపేవాళ్ల కళ్లను కొలిచి, మలుపు తిరిగే ముందు ఒకటి రెండు సెకన్లకే వాళ్ల చూపు మలుపు లోపలి అంచులో వంపు తిరిగే చోటికి పోతుందని తేల్చారు. 2000లో వాన్, స్వాప్ అనే పరిశోధకులు మాత్రం ఆ అంచుకన్నా మనం వెళ్లదలచిన దారి మీదున్న చోటును చూడటమే అసలు సంగతన్నారు. సైకిలు మీద మనకు అంత సూక్ష్మం అక్కర్లేదు. ముందు చక్రం ముందరి మూడు మీటర్లను చూస్తే మాత్రం కచ్చితంగా తప్పు. భయమేసిన కన్ను గుంత మీదే, లోయ మీదే, ఎదురొచ్చే లారీ మీదే నాటుకుంటుంది. చేతులు కంటి వెంట పోతాయి. గడ్డం ఎత్తి, మలుపు అవతల కనిపించే చివరి ముక్క రోడ్డును చూడాలి. మనం ముందుకు పోతున్న కొద్దీ ఆ చివరి ముక్క ఇంకా దూరంగా, ఇంకా దూరంగా విప్పుకుంటూ పోవాలి. అది విప్పుకోకుండా మనవైపే బిగుసుకుంటోందంటే మలుపు ఇంకా ముదురుతోందని అర్థం. అప్పుడు వెంటనే వేగం తగ్గించాలి.

కనిపించినంత దూరంలో ఆగగలగడం అన్నిటికన్నా ముఖ్యం. సమతలం మీద పొడి రోడ్డులో 50 వేగంతో పోతున్నవాడు అడ్డం చూసి బ్రేకు పట్టేలోపే సెకను పోయి 14 మీటర్లు పోతాడు. ఆ తర్వాత ఆగడానికి ఇంకో 20. మొత్తం 34. అదే 30 వేగంలో మొత్తం 15 మీటర్లు. దిగుడులో ఇంకా ఎక్కువ. మలుపు అవతల 15 మీటర్లే కనిపిస్తుంటే 30కి మించి పోయేవాడు తన ప్రాణాన్ని ఒక ఆవు ఎక్కడ పడుకుందన్నదాని మీద పెట్టినట్టే. శ్రీశైలం ఘాట్లో కోతులు, అరకు దారిలో టైరు మారుస్తూ మలుపులోనే ఆపేసిన లారీ, పొగమంచు దిగిన లంబసింగి పొద్దు. వీటికి ఏ టెక్నిక్కూ పనికిరాదు.

ఇప్పుడు అన్నిటికన్నా నాకు ముఖ్యమనిపించే విషయం. రేసింగ్ పుస్తకాలు నేర్పే దారి ఇది: బయటి అంచు నుంచి మొదలుపెట్టి, మధ్యలో లోపలి అంచును తాకి, మళ్లీ బయటి అంచుకు వెళ్లు. వంపు విప్పారుతుంది, తక్కువ ఒరుగుతో ఎక్కువ వేగం పోతుంది. లెక్క ప్రకారం నూటికి నూరుపాళ్లు నిజం. 2022 టూర్‌లో రేసర్ టామ్ పిడ్‌కాక్ అల్ప్ దుయెజ్ కొండకు ముందు గాలిబియే కనుమ నుంచి గంటకు వంద దాటి దిగిన వీడియో చూసినవాళ్లంతా ఆ దారిని మనసులో గీసుకున్నారు. మన ఘాట్ రోడ్డు మీద అలా గీసుకున్న దారే మనుషుల్ని చంపుతుంది. అక్కడ రోడ్డు మొత్తం రేసర్‌ది. ఇక్కడ ఎడమ సగమే మనది.

కుడి మలుపును తీసుకోండి. రేసు దారి ప్రకారం మధ్యలో లోపలికి, అంటే కుడికి, రోడ్డు మధ్య గీత దగ్గరికి రావాలి. చక్రం గీతకు ఇవతలే ఉందని మనం ధైర్యంగా ఉంటాం. కానీ 30 డిగ్రీలు ఒరిగిన మనిషి తల, చక్రానికి దాదాపు ముప్పావు మీటరు కుడిగా ఉంటుంది. అంటే తల గీత దాటి ఎదుటివాడి దారిలో ఉంది. ఎదురుగా ఎక్కుతున్న ఆర్టీసీ బస్సు ఆ మలుపు తిరిగేటప్పుడు దాని వెనక చక్రాలు లోపలికి కోసుకుపోతాయి కాబట్టి ముందు భాగం గీత మీదికే వస్తుంది. డ్రైవరు తప్పేమీ లేదు, అంత పెద్ద బండి అంత బిగువు మలుపులో అలాగే తిరగాలి. మలుపు మాటున ఎక్కే ఇంజను గుర్రుమంటున్న శబ్దం ముందే వినిపించాలి, కానీ గాలి హోరులో మనకు వినిపించదు. అందుకే కుడి మలుపులో ఎడమ వైపే ఉండి, వేగాన్ని దానికి తగ్గట్టు తగ్గించుకోవాలి. మలుపులో లోపలి వాలు కట్టని రోడ్డయితే కుడి మలుపు ఇంకా కష్టం. వాన నీళ్లు పోవడానికి రోడ్డు మధ్యలో ఎత్తుగా, అంచులకు పల్లంగా ఉంటుంది. మన సగం బయటికి వాలి ఉండి, జారనివ్వడానికే చూస్తుంది. అదే వాలు ఎడమ మలుపులో మనల్ని ఆదుకుంటుంది.

ఎడమ మలుపుకు ఇంకో చిక్కు. లోపలి అంచు మనదే కదా అని దాన్ని తాకబోతే అక్కడ ఇసుక, కంకర, ఆకులు, పశువుల పేడ పేరుకుని ఉంటాయి. బండ్ల గాలి వాటన్నిటినీ అంచుకే ఊడుస్తుంది. ట్రాక్టరు తీసుకెళ్లే ఇసుక కూడా మలుపు దగ్గరే కారుతుంది. పదేళ్ల కిందట ఒక ఎడమ మలుపులో నేను పడ్డది అలాగే. 28 వేగం మించలేదు. అంచున పల్చటి ఇసుక పొర ఉంది, అదీ ఎండలో తారు రంగులోనే కనిపించింది. ముందు చక్రం తప్పించుకుపోయినట్టు కూడా తెలియలేదు, మోచేయి రోడ్డుకు తగిలాకే తెలిసింది. చేతి మీది మచ్చను ఇప్పటికీ చూసుకుంటాను. అప్పటి నుంచి ఎడమ మలుపులో అంచుకు మీటరున్నర వదిలి, బండ్ల టైర్లు తుడిచిన నల్లని చారల మీద పోతాను. అది లెక్క ప్రకారం కొంచెం బిగువు దారే. బిగువైతే నెమ్మదిగా పోవాలి, అంతే. కోతల కాలంలో తెలంగాణ, ఆంధ్ర పల్లె రోడ్ల మీద ఆరబోసిన వడ్లు, మొక్కజొన్నలు ఇంకా ప్రమాదం. గుండ్రటి గింజలు బేరింగుల్లా తిరుగుతాయి. రైతుకు వేరే కళ్లం లేక అక్కడ పోశాడు. ఆగి, దిగి, పక్కన నడిపించుకుపోవాల్సింది మనమే.

ఒంటిని ఎలా ఉంచాలన్నదాని మీద జరిగే చర్చ చాలా పెద్దది, దాని ఫలితం చిన్నది. మోకాలు బయటికి చాచాలా, సైకిలును ఎక్కువ వంచి శరీరాన్ని నిటారుగా ఉంచాలా, మోటారుసైకిలు రేసరులా లోపలికి జారాలా అని. సైకిలు, మనిషి కలిసిన బరువు కేంద్రం ఒరగాల్సిన కోణం మారదు, టైరు మీద పడే బలం కూడా మారదు. బ్రాంట్ ఈ విషయంలో సూటిగా ఉన్నాడు: రోడ్డు మీద వీటి తేడా నామమాత్రం. నాదీ అదే తీర్పు. ఒక్కటి మాత్రం తప్పనిసరి. లోపలి పెడల్ పైకి, బయటి పెడల్ కిందికి ఉండాలి. బరువంతా బయటి పాదం మీద మోపాలి. లోపలి పెడల్ కిందనుంటే ఒరిగినప్పుడు రోడ్డుకు తగిలి చక్రాన్ని ఎత్తేస్తుంది. చేతులు, భుజాలు వదులుగా ఉండాలి. దిగుడులో సైకిలు గడగడ వణకడం మొదలుపెడితే రెండు మోకాళ్లతో పై బారును నొక్కి పట్టి, మెల్లగా వేగం తగ్గిస్తే ఆగుతుంది.

ఇదంతా చదివి ఘాట్ దిగడానికి భయపడమని నా ఉద్దేశం కాదు. నేను ఇప్పటికీ దిగుతాను, సంతోషంగానే దిగుతాను. కానీ పైన చెప్పిన పెద్ద మాటల్లో సగం, మలుపులోకి పోయే ముందటి వేగం ఒక్కటి సరిగ్గా ఉంటే అవసరమే పడవు. అది తప్పితే ఏ ఒక్కటీ కాపాడదు.

సైకిలు క్లబ్బుల వాళ్లకు ఒక విన్నపం. కొత్తగా చేరినవాళ్ల హెల్మెట్ చూస్తారు, లైటు చూస్తారు, నీళ్ల సీసాలు చూస్తారు. మొదటి ఘాట్‌కు తీసుకుపోయే ముందు ఒక శనివారం సాయంత్రం మీ ఊళ్లో బడి మైదానం అడగండి. నాలుగు నీళ్ల సీసాలు పదేసి మీటర్ల దూరంలో నిలబెట్టి, 15 వేగంతో వాటి చుట్టూ ఎనిమిది అంకెలా తిప్పించండి. తర్వాత 20 వేగంతో. కుడి హ్యాండిల్ నొక్కితే కుడికి తిరగడం వాళ్ల చేత్తో వాళ్లకే తెలియనివ్వండి. ముందు బ్రేకుతో తిన్నగా ఎంత దూరంలో ఆగుతున్నారో సుద్దతో గీత గీసి చూపించండి. గంటన్నర పని. ఆ గంటన్నర అయ్యాకే కొండ ఎక్కించండి.